లంచ్ కోత, పది నిమిషాల బ్రేక్, రాయని ఓవర్‌టైమ్: అమెరికాలో గంటల జీతం లెక్కలు

చిట్టాపద్దు (థ్రెడ్ మొదలు)

గంటల జీతం మీద పనిచేసేవాళ్ళ గురించి ఇవే ప్రశ్నలు మళ్ళీమళ్ళీ వస్తున్నాయి. ఒకచోట తేల్చేద్దాం. టెక్సస్‌లో ఒక స్టోర్ అనుకోండి. గంటకి 16 డాలర్లు. పొద్దున 8 నుంచి సాయంత్రం 4:30 దాకా, వారానికి 5 రోజులు.

ఒకటి, లంచ్ కింద 30 నిమిషాలు సిస్టమ్ దానంతటదే కోసేస్తుంది. కానీ కౌంటర్‌లో ఉండేది ఒక్కరే, కాబట్టి తింటూనే కస్టమర్లని చూసుకోవాలి. రెండు, రోజుకి రెండుసార్లు ఇచ్చే 10 నిమిషాల బ్రేక్‌కి పంచ్ అవుట్ (పని ఆపినట్టు టైమ్ మెషీన్‌లో నమోదు) చేయించి ఆ నిమిషాలకీ జీతం ఇవ్వరు. మూడు, ఆలస్యంగా ఉండి పనిచేస్తే "నిన్ను ఉండమని ఎవరన్నారు" అని ఓవర్‌టైమ్ ఎగ్గొడతారు.

ఇందులో ఏది చట్టం ఒప్పుకుంటుంది, ఏది ఒప్పుకోదు?

పేరోల్_పంతులు

ముందు చాలామంది పొరబడే సంగతి. ఫెడరల్ చట్టం, అంటే 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్, పెద్దవాళ్ళకి మామూలు బ్రేక్ ఇచ్చి తీరాలని ఎక్కడా చెప్పదు. లంచ్ కూడా అంతే. బ్రేక్ ఇస్తే అందులో ఏది పని గంటల్లోకి వస్తుంది, ఏది రాదు అన్నదే అది చెబుతుంది. టెక్సస్ రాష్ట్ర చట్టంలోనూ పెద్దవాళ్ళకి బ్రేక్ నియమం లేదు. కాబట్టి "నాకు బ్రేక్ ఇవ్వలేదు" అని అక్కడ ఫిర్యాదు నిలవదు. "ఇచ్చిన బ్రేక్‌కి జీతం కోశారు" అంటే నిలుస్తుంది.

రెండో ప్రశ్నే తేలిక, ముందు అది చెబుతా. 5 నుంచి సుమారు 20 నిమిషాల లోపు బ్రేక్ పని గంటే. కాఫీ తాగినా, ఫోన్ చూసుకున్నా, బాత్‌రూమ్‌కి వెళ్ళినా జీతం ఇవ్వాల్సిందే. పంచ్ అవుట్ చేయించినంత మాత్రాన అది ఉచితం అయిపోదు.

ఇందులో ఒక మెలిక ఉంది. బ్రేక్ ఇన్ని నిమిషాలే, దాటితే రూల్ తప్పినట్టు, దానికి చర్య ఉంటుంది అని యజమాని ముందే స్పష్టంగా చెప్పి ఉంటే, మీ అంతట మీరు సాగదీసిన నిమిషాలకి జీతం ఇవ్వక్కర్లేదు. 10 నిమిషాల బ్రేక్‌ని 25 చేసి మొత్తం అడిగితే కుదరదు.

లంచ్ సంగతి వేరు. మామూలుగా 30 నిమిషాలు, ఆపైన ఉండి, ఆ సమయంలో పని నుంచి పూర్తిగా విడిచిపెడితేనే అది జీతం లేని సమయం. "పూర్తిగా" అన్న మాట దగ్గరే కేసులన్నీ తేలేది. తింటూ ఫోన్ ఎత్తాలన్నా, కౌంటర్ కనిపెట్టుకుని ఉండాలన్నా, మెషీన్ మీద కన్నేసి ఉంచాలన్నా అది లంచ్ కాదు, డ్యూటీ.

సందేహాలరాయుడు

స్టోర్ వదిలి బయటికి వెళ్ళొద్దన్నారంటే అప్పుడే అది డ్యూటీ అయిపోయినట్టు కదా? లంచ్‌కి జీతం వచ్చి తీరాలి.

పేరోల్_పంతులు

కాదండీ. ఫెడరల్ నియమంలో ఇది నేరుగానే రాసి ఉంది: పని నుంచి నిజంగా విడిచిపెట్టినంత కాలం, ఆవరణ దాటి వెళ్ళనివ్వకపోయినా అది భోజన విరామమే. వెనక గదిలో కూర్చుని అరగంట ఎవరూ పిలవకుండా తిన్నారంటే జీతం రాదు. అదే గదిలో కూర్చున్నా గంట మోగినప్పుడల్లా లేవాల్సి వస్తే వస్తుంది. ఎక్కడ కూర్చున్నారన్నది కాదు, ఆ అరగంట ఎవరి చేతిలో ఉందన్నది చూస్తారు. కాలిఫోర్నియాలో మాత్రం బయటికి వెళ్ళనివ్వకపోతే అది అసలు భోజన విరామమే కాదు. రాష్ట్రం మారితే జవాబు మారుతుందని గుర్తుంచుకోండి.

ఇక ఆటోమేటిక్‌గా కోసే సిస్టమ్. దాన్ని పెట్టుకోవడం దానికదే తప్పు కాదు. లంచ్‌లో పనిచేసిన రోజు ఆ కోతని వెనక్కి వేయించుకునే దారి ఉండాలి, ఆ దారి కాగితం మీదే కాకుండా నిజంగా నడవాలి. మేనేజర్‌కి తెలిసి కూడా కోత అలాగే ఉంచితే తప్పు యజమానిదే.

మూడో ప్రశ్న. మౌనం అర్ధాంగీకారం అంటాం కదా, ఇక్కడ చట్టం కూడా అదే అంటుంది. మీరు పని చేస్తున్నారని యజమానికి తెలిసి, లేదా తెలిసి ఉండాల్సింది అయ్యుండి, ఆపకపోతే ఆ గంటకి జీతం ఇవ్వాలి. పర్మిషన్ లేకుండా ఉన్నారని మందలించొచ్చు, ఉద్యోగం నుంచి తీసేయనూ వచ్చు. కానీ చేసిన పనికి డబ్బు ఆపడం కుదరదు.

గంటలలెక్క

చిట్టాపద్దు గారు ఇచ్చిన అంకెలతోనే లెక్క వేద్దాం.

రోజూ ఆవరణలో ఉన్నది 8 గంటల 30 నిమిషాలు. కోసింది: లంచ్ 30, బ్రేకులు 20. జీతం ఇచ్చింది 7 గంటల 40 నిమిషాలకి. వారానికి 38 గంటల 20 నిమిషాలు, చేతికి 613.33 డాలర్లు.

నిజంగా చేసిన పని, లంచ్‌లో కూడా కౌంటర్ చూసుకున్నారు కాబట్టి, 42.5 గంటలు. మొదటి 40కి 640. తర్వాతి 2.5 గంటలకి ఒకటిన్నర రెట్లు, అంటే గంటకి 24, మొత్తం 60. రావాల్సింది 700. తేడా వారానికి 86.67.

వారానికి చూస్తే చిన్నదే. 100 వారాలకి 8,667. దీనికి తోడు కోర్టుకి వెళ్తే అంతే మొత్తం అదనంగా వచ్చే వీలుంది, యజమాని తాను మంచి నమ్మకంతో, తగిన కారణంతోనే చేశానని రుజువు చేసుకుంటే తప్ప. అంటే 17,334.

చాలామంది ఇక్కడో తప్పు చేస్తారు: 50 నిమిషాల కోత మొత్తాన్నీ ఒకటిన్నర రెట్లతో గుణిస్తారు. అలా కాదు. ముందు 40 దాకా నింపాలి, అది మామూలు రేటు. 40 దాటినదే ఓవర్‌టైమ్. లెక్క తప్పుగా పట్టుకెళ్తే అవతలివాళ్ళు మొదట పట్టుకునేది అదే.

సందేహాలరాయుడు

సరే. ఒక వారం 45, ఇంకో వారం 35 చేస్తే? రెండు వారాలకి ఒక జీతం, సగటు 40 కదా అంటారు.

గంటలలెక్క

ఏ వారానికి ఆ వారమే. పని వారం అంటే వరసగా 168 గంటలు, ఏ రోజు మొదలవ్వాలో యజమాని నిర్ణయిస్తాడు, కానీ ఓవర్‌టైమ్ తప్పించుకోవడానికి మార్చకూడదు. మొదటి వారం 5 గంటలు ఓవర్‌టైమే. "వచ్చే వారం ముందే పంపించేస్తాలే" అనడం ప్రైవేటు సంస్థల్లో చెల్లదు.

ఇంకొకటి. బోనస్ ఉంటే ఒకటిన్నర రెట్లు వేసే రేటు మారుతుంది. 16 చొప్పున 45 గంటలు చేసి, అమ్మకాల టార్గెట్ దాటినందుకు ముందే మాటిచ్చిన 90 డాలర్లు వచ్చాయి అనుకోండి. 720కి 90 కలిపి 810. 45తో భాగిస్తే గంటకి 18. అందులో సగం 9, అయిదు గంటలకి 45. మొత్తం 855. చాలా పేరోల్‌లలో 640, 120, 90 కలిపి 850 ఇచ్చి ఊరుకుంటారు. యజమాని తనకి తోచి ఇచ్చిన పండగ కానుక లాంటిది అయితే ఇందులోకి రాదు.

బేఏరియా_బావ

ఫెడరల్ లెక్క చూసి కాలిఫోర్నియా వాళ్ళు మోసపోవద్దు. మాకు చాలా ఎక్కువ ఉంది.

5 గంటలు దాటి పనిచేస్తే 30 నిమిషాల భోజన విరామం, అదీ అయిదో గంట ముగిసేలోపే మొదలవ్వాలి. పొద్దున 8కి పనిలోకి దిగితే మధ్యాహ్నం ఒంటిగంట లోపు. 1:04కి పంచ్ అవుట్ అయితే ఆలస్యమైనట్టే. షిఫ్ట్ మొత్తం 6 గంటలు మించకపోతే ఇద్దరూ ఒప్పుకుని వదులుకోవచ్చు. 10 గంటలు దాటితే రెండో భోజన విరామం.

జీతంతో కూడిన 10 నిమిషాల విశ్రాంతి ప్రతి 4 గంటలకి, లేదా అందులో సగానికి పైన ఉన్న భాగానికి. షిఫ్ట్ మొత్తం మూడున్నర గంటలు రాకపోతే లేదు. మూడున్నర నుంచి 6 దాకా ఒకటి, 6 దాటితే 10 దాకా రెండు, 10 దాటితే 14 దాకా మూడు.

ఇవ్వకపోతే ఆ రోజుకి భోజనం కింద ఒక గంట జీతం, విశ్రాంతి కింద ఒక గంట జీతం అదనం. గంటకి 20 డాలర్ల మనిషికి రోజుకి 40 దాకా. ఎన్ని బ్రేకులు పోయినా రోజుకి ఒక్కో రకానికి ఒక్క గంటే, అది మించదు. ఈ గంటకి కూడా బోనస్‌లు కలిపిన రేటే కట్టాలని 2021లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. భోజన విరామం పంచ్‌లని రౌండ్ చేయకూడదని, అంటే గుండ్రని నిమిషాలకి సర్దకూడదని కూడా అదే ఏడాది మరో తీర్పు.

వాకీటాకీ రేడియో ఆన్‌లో పెట్టుకుని "అవసరమైతే పిలుస్తాం" అన్న విశ్రాంతి, విశ్రాంతే కాదని 2016లో చెప్పారు. ఇంకా రోజుకి 8 దాటితే ఒకటిన్నర రెట్లు, 12 దాటితే రెండింతలు. ఫెడరల్ చట్టంలో రోజువారీ ఓవర్‌టైమ్ లేనే లేదు.

చిట్టాపద్దు

మిగతా రాష్ట్రాలు?

బేఏరియా_బావ

అన్నీ చెప్పడానికి ఇక్కడ చోటు చాలదు. ఇల్లినాయిలో ఏడున్నర గంటల షిఫ్ట్‌కి 20 నిమిషాల భోజనం, మొదలైన 5 గంటలలోపు. వాషింగ్టన్‌లో 5 గంటలు దాటితే 30 నిమిషాల భోజనం, ప్రతి 4 గంటలకి జీతంతో 10 నిమిషాలు. న్యూయార్క్‌లో మధ్యాహ్నం మీదుగా సాగే 6 గంటలు దాటిన షిఫ్ట్‌కి 30 నిమిషాలు, ఫ్యాక్టరీలో అయితే గంట. న్యూజెర్సీలో బ్రేక్ నియమం 18 ఏళ్ళ లోపు వాళ్ళకే. జార్జియా, టెక్సస్‌లలో మామూలు ప్రైవేటు ఉద్యోగులకి రాష్ట్రం తరఫున ఏమీ లేదు.

పేరోల్_పంతులు

టెక్సస్ వాళ్ళు తెలుసుకోవాల్సిన ఒక గుంట ఉంది. పైన గంటలలెక్క గారి ఉదాహరణలో వారం 40 దాటింది కాబట్టి ఫెడరల్ చట్టం పూర్తిగా పట్టుకుంది. అదే మనిషి వారానికి 4 రోజులే చేశాడనుకోండి. నిజమైన పని 34 గంటలు, ఇచ్చింది 30 గంటల 40 నిమిషాలకి, అంటే 490.67. దాన్ని 34తో భాగిస్తే గంటకి 14.43 పడుతుంది. ఫెడరల్ కనీస వేతనం 2009 జూలై నుంచి 7.25 దగ్గరే ఉంది. 40 దాటలేదు, కనీస వేతనం తగ్గలేదు. అలాంటప్పుడు ఫెడరల్ చట్టం కింద ఆ నిమిషాలు రాబట్టడం కష్టం. 2013లో న్యూయార్క్ ప్రాంతపు అప్పీల్ కోర్టు కూడా ఈ తరహా క్లెయిమ్‌ని ఒప్పుకోలేదు.

అప్పుడు రాష్ట్రం దారి పట్టాలి. టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌లో వేజ్ క్లెయిమ్ (జీతం బకాయి ఫిర్యాదు) వేయొచ్చు, కానీ ఆ జీతం రావాల్సిన తేదీ నుంచి 180 రోజుల్లోపే. "ఏడాది చివర్లో చూద్దాం" అనుకుంటే సగం పోయినట్టే.

రాత్రిషిఫ్ట్

మోటెల్ రాత్రి డెస్క్ సంగతి కూడా చెప్పండి. "కస్టమర్లు లేనప్పుడు పడుకో, ఆ గంటలు కోస్తాం" అంటారు.

పేరోల్_పంతులు

డ్యూటీ 24 గంటల కంటే తక్కువైతే, పడుకోనిచ్చినా మొత్తం జీతమే. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా డెస్క్ వెనక సోఫాలో కునుకు తీసినా 8 గంటలూ పని గంటలే.

24 గంటలు, ఆపైన డ్యూటీ అయితే ఇద్దరి మధ్య ఒప్పందం ఉండి, పడుకోవడానికి సరైన చోటిచ్చి, మామూలుగా నిద్ర చెడకుండా ఉంటే, 8 గంటల దాకా తీసేయొచ్చు. మధ్యలో బెల్ కొట్టి లేపితే లేచిన సమయానికి జీతం. లేపడాలు ఎక్కువై 5 గంటలైనా నిద్ర దక్కకపోతే ఆ నిద్ర సమయం అంతా పని గంటలే.

మోటెల్లోనే గది ఇచ్చి కుటుంబంతో ఉంచుకునే చోట లెక్క ఇంకోలా ఉంటుంది. ఉన్నంతసేపూ పనిలో ఉన్నట్టు కాదు, నిజానికి దగ్గరగా ఉండే ఒప్పందం ఏదైనా చెల్లుతుంది. రోజుకి 14 గంటలు డెస్క్ చూసే మనిషికి "రోజుకి 6 గంటలు" అని రాసిన కాగితం ఆ కోవలోకి రాదు.

గంటలలెక్క

పంచ్ రౌండింగ్ గురించి ఎవరూ ఎత్తలేదు. 15 నిమిషాలకి రౌండ్ చేయడం ఫెడరల్‌గా కుదురుతుంది, కానీ రెండు వైపులా జరగాలి. 1 నుంచి 7 నిమిషాలు కిందికి, 8 నుంచి 14 పైకి. 7:53కి పంచ్ చేస్తే 8:00 అవ్వొచ్చు, అలాగే 4:38కి అవుట్ అయితే 4:45 అవ్వాలి. రావడం ఎప్పుడూ పైకి, పోవడం ఎప్పుడూ కిందికి జరుగుతుంటే అది దొంగ లెక్క. నెల రోజుల పంచ్‌లు పక్కపక్కన పెట్టి కూడితే అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

షిఫ్ట్‌కి ముందూ వెనకా చేసే పనులు: కాల్ సెంటర్లో కంప్యూటర్ ఆన్ చేసి లాగిన్ అయ్యే సమయం పనిలో భాగమేనని 2022లో పడమటి రాష్ట్రాల 9వ సర్క్యూట్ అప్పీల్ కోర్టు చెప్పింది. మరోవైపు గిడ్డంగిలో పని ముగిశాక సెక్యూరిటీ తనిఖీ కోసం క్యూలో నిలబడ్డ సమయానికి ఫెడరల్ చట్టం కింద జీతం లేదని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పని లేకుండా అసలు పని జరగదా, అన్నదే కొలబద్ద. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2020లో బ్యాగుల తనిఖీకి జీతం ఇవ్వాల్సిందేనంది.

ఒక స్టోర్ నుంచి ఇంకో స్టోర్‌కి పని మధ్యలో పంపిస్తే దారి కూడా పని గంటే. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి రాదు.

సందేహాలరాయుడు

శాలరీ మీద ఉన్నవాళ్ళకి ఇవేవీ వర్తించవు కదా. హెచ్1బీ వాళ్ళకి అసలే లేదు.

పేరోల్_పంతులు

రెండూ తప్పే. శాలరీ అని పిలవడంతో ఓవర్‌టైమ్ పోదు. వారానికి కనీసం 684 డాలర్లు ఉండాలి, పైగా చేసే పని నిజంగా నిర్వహణో, వృత్తిపరమైనదో అయ్యుండాలి. 2024లో ఈ హద్దు పెంచిన రూల్‌ని ఆ ఏడాది నవంబర్లో టెక్సస్ ఫెడరల్ కోర్టు కొట్టేసింది, అందుకే మళ్ళీ 684 దగ్గరికి వచ్చింది. కొన్ని రాష్ట్రాల్లో హద్దు చాలా ఎక్కువ. "అసిస్టెంట్ మేనేజర్" అని బ్యాడ్జి తగిలించి రోజంతా క్యాష్ రిజిస్టర్ దగ్గర నిలబెడితే అది మేనేజర్ పని కాదు. ప్రోగ్రామర్ల తరహా కంప్యూటర్ ఉద్యోగాలకి మాత్రం గంటకి కనీసం 27.63 ఉంటే గంటల లెక్కన ఇచ్చినా ఫెడరల్ ఓవర్‌టైమ్ ఉండదు.

హెచ్1బీలో అడగాల్సింది వేరే ప్రశ్న: బెంచ్. ప్రాజెక్ట్ లేదని యజమాని ఖాళీగా కూర్చోబెడితే ఎల్‌సీఏలో (వీసా కోసం యజమాని కార్మిక శాఖకి ఇచ్చే హామీ పత్రంలో) చూపించిన జీతం ఇవ్వాల్సిందే. దేశంలోకి వచ్చిన 30 రోజులకి, ఇక్కడే ఉండి మారితే 60 రోజులకి, ఈ బాధ్యత తప్పనిసరిగా మొదలవుతుంది. పనిలో చేరితే అంతకంటే ముందే. మీ సొంత పని మీద మీరే సెలవు అడిగితే ఇవ్వక్కర్లేదు. అందుకే "పర్సనల్ లీవ్ అని మెయిల్ పెట్టు" అని అడిగితే పెట్టకండి. ఆ ఒక్క మెయిల్‌తో మీ కేసు నీరుగారిపోతుంది. దీనికి ఫిర్యాదు ఫారం డబ్ల్యూహెచ్-4, ఆఖరి తప్పు జరిగిన 12 నెలల్లోపు.

రాత్రిషిఫ్ట్

ఫిర్యాదు చేయాలంటే పంచ్ కాగితాలు మన దగ్గర ఉండవు కదా. నగదు జీతం వాళ్ళయితే మరీను.

పేరోల్_పంతులు

రికార్డు ఉంచడం యజమాని పని. పేరోల్ 3 ఏళ్ళు, టైమ్ కార్డులు 2 ఏళ్ళు దాచాలి. ఆయన ఉంచకపోతే మీరు వేసిన సబబైన అంచనాని కోర్టు తీసుకుంటుంది, అది తప్పని నిరూపించే భారం ఆయన మీదికి వెళ్తుంది. 1946 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఇది, ఇవాళ్టికీ ఇదే ఆధారం. నగదు ఇచ్చినా, వీసా ఏదైనా, అసలు లేకపోయినా, చేసిన పనికి ఈ చట్టం వర్తిస్తుంది. అలాగని ఇమ్మిగ్రేషన్ చిక్కు ఉండదని కాదు. అది ఉన్నవాళ్ళు ముందు లాయర్‌తో మాట్లాడాలి.

జీతాల ఫిర్యాదులు చూసే ఫెడరల్ కార్మిక శాఖ విభాగం, వేజ్ అండ్ అవర్ డివిజన్, నంబరు 1-866-487-9243. ఫిర్యాదు పెట్టినవాళ్ళ పేరు గోప్యంగా ఉంచుతారు. వాళ్ళకి కావాల్సింది: సంస్థ పేరు, చిరునామా, మేనేజర్ పేరు, మీ పని ఏమిటి, జీతం ఎలా ఎప్పుడు ఇస్తారు, ఏ వారాల్లో ఎన్ని గంటలు. ఫిర్యాదు చేసినందుకు తీసేస్తే అది వేరే నేరం.

రెండు చోట్ల జారిపడతారు. గడువు 2 ఏళ్ళు, కావాలనే చేశారని తేలితే 3. డివిజన్‌కి ఫోన్ చేస్తే ఈ గడియారం ఆగదు, కోర్టులో దావా వేస్తేనే ఆగుతుంది. రెండోది, డివిజన్ రాబట్టిన చెక్కుతో పాటు వచ్చే డబ్ల్యూహెచ్-58 (డబ్బు ముట్టిందన్న రసీదు ఫారం) మీద సంతకం పెట్టి డబ్బు తీసుకుంటే, అందులో రాసిన కాలానికి మళ్ళీ ఫెడరల్ చట్టం కింద దావా వేయలేరు. తక్కువ అనిపిస్తే సంతకానికి ముందే లాయర్‌కి చూపించండి. గెలిస్తే లాయర్ ఫీజు యజమానే కట్టాలి.

చిట్టాపద్దు

అంచనా అంటే ఎలా రాసుకోవాలి? "రోజూ ఎక్కువ పనిచేశా" అంటే సరిపోదు కదా.

గంటలలెక్క

అస్సలు సరిపోదు. ఆ రోజు రాత్రే, సొంత నోట్‌బుక్‌లో, కంపెనీ ఫోన్‌లో కాదు. ఇలా:

"మంగళవారం. 7:52 తలుపు తీశా. 8:00 పంచ్ ఇన్. 12:10 తినడం మొదలు, 12:14 పంప్ 3 కస్టమర్, 12:19 లాటరీ టికెట్, 12:26 డెలివరీ సంతకం. లంచ్ కోత 30. 4:30 పంచ్ అవుట్, 4:47 దాకా క్యాష్ లెక్క."

ఇక అదే రోజు మేనేజర్‌కి ఒక మెసేజ్: "ఈ రోజు లంచ్‌లో మూడుసార్లు కౌంటర్‌కి లేచాను, ఆ అరగంట పని గంటల్లో కలపండి. 4:30 తర్వాత 17 నిమిషాలు క్యాష్ లెక్క చేశాను." తిట్లు వద్దు, చట్టం పేర్లు వద్దు. రేపు "నాకు తెలియదు" అనే వీలు ఆయనకి లేకుండా పోవడమే దీని పని. జవాబు రాకపోయినా స్క్రీన్‌షాట్ తీసి సొంత మెయిల్‌కి పంపుకోండి, పే స్టబ్ (జీతం చీటీ) వచ్చినరోజు రెండూ పక్కన పెట్టి చూడండి.